అమ్మ తర్వాత మా చెల్లి: గార్డియన్‌షిప్ కాగితం, పెన్షన్ కోసం 11 నెలలు

అమ్మ పోయిన పన్నెండో రోజు సాయంత్రం, చుట్టాలంతా వెళ్లిపోయాక, మా చిన్నాన్న అరుగు మీద కూర్చుని "మరి చిన్నదాని సంగతేంది?" అని అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు. చిన్నది అంటే మా చెల్లి. అప్పటికి ఆమెకు 31 ఏళ్లు. పుట్టినప్పటి నుంచి బుద్ధిమాంద్యం. మాటలు కొన్నే వస్తాయి. డబ్బు లెక్క తెలియదు. ఒంటరిగా వీధి చివరి దాకా వెళ్తే తిరిగి రాలేదు. ఫిట్స్ ఉన్నాయి, రోజూ రెండు పూటలా మాత్రలు వేయాలి. నాన్న పోయిన తర్వాత తొమ్మిదేళ్ల పాటు ఆ ఇంట్లో అమ్మా, చెల్లీ ఇద్దరే ఉన్నారు. నాన్న కేంద్ర ప్రభుత్వంలో ఒక శాఖలో చిన్న ఉద్యోగి. ఆయన మీద వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌తోనే ఇద్దరి తిండి, మందులు గడిచేవి.

ఇది 2022 ఆగస్టు సంగతి. తమ్ముడు దుబాయ్ నుంచి పది రోజుల సెలవు మీద వచ్చాడు. "డబ్బులు పంపుత అక్కా, చూసుకునుడు మాత్రం నువ్వే" అన్నాడు. నాకు పెళ్లై పదహారేళ్లు. ఇంట్లో అత్తమ్మ, ఇద్దరు పిల్లలు, మా ఆయన. పదమూడో రోజు చెల్లి బట్టలు రెండు సంచుల్లో సర్దుకుని ఆమెను మా ఊరికి తీసుకొచ్చాను. ఒక నెల ఉంచుకుందాం, తర్వాత ఆలోచిద్దాం అనుకున్నాను. ఆ తర్వాత చేయాల్సింది ఏమిటో నాకే కాదు, మాలో ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. అమ్మ చనిపోయినట్టు మేం బ్యాంకుకు చెప్పలేదు. సెప్టెంబరు ఆఖరున ఎప్పటిలాగే పెన్షన్ పడింది. "ఏటీఎం కార్డు నీ దగ్గరే ఉందిగా, తీస్కో, ఆ పిల్ల ఖర్చుకే కదా" అని ఒక బంధువు చెబితే వెళ్లి తీశాను. కర్మకాండ అప్పు కొంత అందులోనే తీర్చాను. చనిపోయిన మనిషి పెన్షన్ తీసుకుంటే బ్యాంకు దాన్ని తిరిగి రాబడుతుందని, అంతకంటే ముఖ్యంగా చెల్లికి న్యాయంగా రావాల్సిన పెన్షన్ ఫైలుకు అదే అడ్డంకి అవుతుందని నాకు తర్వాత తెలిసింది. ఆ డబ్బు మొత్తం నవంబరులో తిరిగి కట్టాను.

కానీ ఆ రోజుల్లో నన్ను ఎక్కువ బాధ పెట్టింది డబ్బు కాదు, చెల్లి స్నానం చేయకపోవడం. మా ఇంటికి వచ్చిన రోజు నుంచి నీళ్ల దగ్గరకు తీసుకెళ్తే చాలు, అరిచి కూర్చునేది. బలవంతం చేస్తే తన చేయి తనే కొరుక్కునేది. మూడు వారాలు తడి గుడ్డతో తుడిచి సరిపెట్టాను. అత్తమ్మ మొదట జాలిపడింది, తర్వాత విసుక్కుంది. నేను కూడా ఒకరోజు చెల్లిని కొట్టాను. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు.

పిల్లల టీకాల కోసం ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త చెల్లి చేతి మీద గాట్లు చూసింది. ఏమీ దాచకుండా చెప్పాను. ఆమె తిట్టలేదు. "ఇట్లాంటోళ్ల కోసం పనిచేసే ఒక సంస్థ ఉంది జిల్లా కేంద్రంలో. అక్కడి మేడమ్‌కు ఫోన్ చేస్త" అంది. నాలుగు రోజుల తర్వాత ఆ మేడమ్ మా ఇంటికి వచ్చింది. సోషల్ వర్కర్ అంటే ఫారాలు నింపే మనిషి అనుకున్నాను. ఆమె వచ్చీ రాగానే నాతో కాదు, చెల్లి పక్కన చాప మీద కూర్చుని చెల్లితో మాట్లాడింది. చెల్లి జవాబు చెప్పకపోయినా ఆగి, మళ్లీ అడిగింది. అరగంట తర్వాత నా వైపు తిరిగి ఒకటే అడిగింది: "మీ అమ్మ పొద్దున లేచినప్పటి నుంచి ఈమెకు ఏమేం చేసేదో చెప్పండి."

నేను చెప్పలేకపోయాను. మాత్రల పేర్లు తెలుసు. అన్నం మెత్తగా కలపాలని తెలుసు. అంతే. పండగలకు వెళ్లి రెండు రోజులు ఉండి వచ్చేదాన్ని, అమ్మ చేసే పనులన్నీ నా కళ్ల ముందే జరిగేవి, ఒక్కటీ గుర్తు పెట్టుకోలేదు. మేడమ్ ఒక తెల్ల కాగితం తీసి "అయితే ఆమెనే అడుగుదాం" అని చెల్లిని పెరట్లో నీళ్ల తొట్టి దగ్గరకు తీసుకెళ్లింది. చెంబు చెల్లి చేతికిచ్చి ఊరుకుంది. చెల్లి చాలాసేపు చెంబు పట్టుకుని నిలబడింది. తర్వాత నా దగ్గరకు వచ్చి నా కాళ్ల మీద నీళ్లు పోసింది. ఒక చెంబు, ఇంకో చెంబు. అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ స్నానం చేయించేటప్పుడు ముందు తన కాళ్ల మీద పోయించుకునేది. చిన్నప్పుడు అది ఆట అనుకున్నాను. ఆ తర్వాతే చెల్లి తన ఒంటి మీద పోయనిచ్చేది. ఆ మధ్యాహ్నం చెల్లి స్నానం చేసింది.

ఆ రోజు సాయంత్రం మేడమ్ కాగితాల సంగతి మొదలుపెట్టింది. నేషనల్ ట్రస్ట్ చట్టం అని 1999లో వచ్చిన చట్టం ఉందట. ఆటిజం, కదలికలను దెబ్బతీసే సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటి కంటే ఎక్కువ వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం. మామూలుగా 18 ఏళ్లు నిండితే చట్టం దృష్టిలో ఎవరికి వారే పెద్దవాళ్లు. తల్లిదండ్రులు కూడా గార్డియన్లు (చట్టం గుర్తించిన సంరక్షకులు) కారు. అంటే 13 ఏళ్లుగా అమ్మ కూడా కాగితం మీద చెల్లికి గార్డియన్ కాదు. ఎవరూ అడగలేదు కాబట్టి నడిచింది. ఈ చట్టం కింద జిల్లాలో ఒక లోకల్ లెవల్ కమిటీ ఉంటుంది. కలెక్టర్ గారు, రిజిస్టరైన ఒక సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి అందులో సభ్యులు. కోర్టుకు వెళ్లకుండా ఆ కమిటీయే గార్డియన్‌ను నియమిస్తుంది. దానికి పెట్టే దరఖాస్తు ఫారం-ఏ. నియామకం అయితే వాళ్లిచ్చేది ఫారం-బి.

"గార్డియన్ సర్టిఫికెట్ ఉంటే మీ నాన్నగారి ఫ్యామిలీ పెన్షన్ ఈమెకు జీవితాంతం వస్తుంది" అంది మేడమ్. నేను నమ్మలేదు. పెన్షన్ అమ్మతో పోయిందనే మేమంతా అనుకున్నాం. సొంతంగా సంపాదించుకోలేనంత వైకల్యం ఉన్న కొడుకుకైనా కూతురికైనా, తల్లిదండ్రులిద్దరూ పోయాక, వయసు పరిమితి లేకుండా ఫ్యామిలీ పెన్షన్ ఇస్తారు. కేంద్రంలో కనీస ఫ్యామిలీ పెన్షన్ 2016 నుంచి నెలకు 9,000 రూపాయలు, దాని మీద కరువు భృతి. మా ఇంట్లో అది చిన్న మొత్తం కాదు.

అయితే చెల్లి వైకల్యం తల్లిదండ్రులు బతికుండగానే ఉందని చూపించాలి. ఇంట్లో అమ్మ ట్రంకు పెట్టె తెరిచాం. చీరల అడుగున ప్లాస్టిక్ కవరులో ఒక పసుపు కాగితం దొరికింది, చెల్లికి ఏడేళ్లప్పుడు ప్రభుత్వ ఆసుపత్రి ఇచ్చిన సర్టిఫికెట్. మడతల దగ్గర చిరిగింది. వెనక అమ్మ బొట్టు పెట్టి ఉంది. ఎందుకు పెట్టిందో తెలియదు. ఆ కాగితమే తర్వాత మా ఫైలును నిలబెట్టింది.

మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ మీసేవ ద్వారా పెద్ద ఇబ్బంది లేకుండానే వచ్చాయి. వాటి గురించి రాయడానికేమీ లేదు. చెమటలు పట్టించింది సదరం, అంటే వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ డాక్టర్లు తేల్చి ఇచ్చే సర్టిఫికెట్.

పాత పసుపు కాగితం సరిపోదు, సదరం సర్టిఫికెట్ కావాలి అన్నారు అప్పట్లో. మీసేవలో స్లాట్ పెట్టుకుంటే ఫోన్‌కు తేదీ వచ్చింది. క్యాంపు రోజున పొద్దున ఏడింటికే ఆసుపత్రి వరండా నిండిపోయింది. చంకలో పెద్ద పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, ఊతకర్రల మీద ముసలివాళ్లు. మా పక్కన కూర్చున్నామె కొడుక్కు సెరిబ్రల్ పాల్సీ. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఆసరా పెన్షన్ నెలకు 3,016 వచ్చేదని, సర్టిఫికెట్ గడువు అయిపోవడంతో ఆగిందని, రెండోసారి వచ్చానని చెప్పింది. ఆ మొత్తం 2023 జులైలో 4,016 అయింది. ఆమెకు మళ్లీ మొదలైందో లేదో తెలుసుకునే వీలు నాకు లేకపోయింది. ఇప్పటికీ గుర్తొస్తుంటుంది.

లోపల సైకాలజిస్ట్ ప్రశ్నలు అడిగారు. తనే తింటుందా, బొత్తాలు పెట్టుకుంటుందా, టైం చూడగలదా, దుకాణానికి పంపితే వస్తువు తెస్తుందా. నేను వరసగా "రాదు, చేయదు, తెలియదు" అని చెబుతున్నాను. పెన్షన్ రావాలంటే ఎంత తక్కువ చేస్తుందని చెబితే అంత మంచిదని ఎవరో చెవిలో వేశారు. చెల్లి నా ముఖంలోకే చూస్తోంది. ఆమెకు ఎంత అర్థమవుతుందో నాకు తెలియదు, కానీ "రాదు" అన్న మాట ఆమెకు తెలుసు. సైకాలజిస్ట్ రాయడం ఆపి, "చేయగలిగినవి కూడా చెప్పండమ్మా, ఇది పరీక్ష ఫెయిల్ చేయించడానికి కాదు" అన్నారు. చెప్పాను. కంచాలు కడుగుతుంది. మొక్కలకు నీళ్లు పోస్తుంది. ఎవరి బట్టలు వాళ్లకు మడతపెట్టి వేరు చేస్తుంది, ఒక్కటీ తప్పు పోదు. చెబుతుంటే నాకే కొత్తగా అనిపించింది. 75 శాతం అని సర్టిఫికెట్ వచ్చింది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఒక ఆఫీసులో ఫైలు కవరింగ్ లెటర్ మీద చెల్లిని "మానసిక రోగి" అని రాశారు. మేడమ్ అక్కడే ఆపి మార్పించింది. బుద్ధిమాంద్యం వేరు, మానసిక వ్యాధి వేరు. మానసిక వ్యాధికి వర్తించే చట్టం వేరు. ఆ ఒక్క మాట అలాగే పోయి ఉంటే ఈ కమిటీ మా దరఖాస్తును తీసుకునేదే కాదు. ఏ కాగితం మీదైనా వైకల్యం పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి.

ఫారం-ఏ డిసెంబరులో ఇచ్చాం. చట్టం ప్రకారం కమిటీ మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవాలి. మా వంతు వచ్చేసరికి 2023 ఏప్రిల్ అయింది. మధ్యలో విచారణకు ఇంటికి వచ్చారు. చెల్లి పడుకునే చోటు, మందులు పెట్టే చోటు చూశారు. పక్కింటి వాళ్లను అడిగారు. అత్తమ్మను విడిగా కూర్చోబెట్టి మాట్లాడారు. అత్తమ్మ ఏం చెప్పిందో నాకు చెప్పలేదు. ఆ రాత్రి మాత్రం చెల్లికి అన్నం తనే కలిపి పెట్టింది.

మా వాళ్లలో కొందరికి నేను గార్డియన్ కావడం నచ్చలేదు. "పెళ్లై పోయిన ఆడపిల్లకు ఎట్ల ఇస్తరు? కొడుకు ఉండగా?" అన్నారు. పెళ్లైన కూతురు గార్డియన్ కాకూడదని చట్టంలో లేదు. తల్లిదండ్రులైనా, బంధువైనా అడగవచ్చు. ఆ మనిషికి నిజంగా గార్డియన్ అవసరమా, ఏ పనులకు అవసరం, అన్నవి కమిటీ చూస్తుంది. తమ్ముడు దుబాయ్‌లోని భారత కాన్సులేట్‌లో సంతకం చేసి అభ్యంతరం లేదని కాగితం పంపాడు. దానికి ముందు మా ఇద్దరి మధ్య ఫోన్‌లో మాటా మాటా పెరిగింది. ఇల్లు అమ్మ పేరు మీద ఉంది. ముగ్గురు పిల్లలం, ముగ్గురికీ సమాన వాటా. చెల్లి వాటా ఎందుకు రాయడం, ఎలాగూ మనమే చూసుకుంటున్నాం కదా అని అతని మాట. మొదట నాకూ అదే సబబు అనిపించింది.

మేడమ్ ఆ ఒక్క విషయంలో మెత్తగా మాట్లాడలేదు. గార్డియన్‌గా నియమించిన ఆరు నెలల్లోపు చెల్లి పేరు మీద ఉన్న ఆస్తి, డబ్బు, ఆమెకు రావాల్సింది, ఇవ్వాల్సింది అంతా జాబితా రాసి కమిటీకి ఇవ్వాలి. ఆ తర్వాత ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోపు జమాఖర్చులు చూపాలి. దుర్వినియోగం చేసినా, సరిగా చూడకపోయినా, బంధువులెవరైనా, రిజిస్టరైన సంస్థ అయినా ఫిర్యాదు చేసి గార్డియన్‌ను తొలగించమని అడగవచ్చు. "మీరు మంచివాళ్లు కాబట్టి వాటా రాయకపోయినా ఫర్వాలేదు అంటే, మీ తర్వాత వచ్చేవాళ్లు ఎలాంటివాళ్లో నాకు తెలియదు కదమ్మా" అంది. మూడో వంతు చెల్లిదని రాశాం. తమ్ముడు ఒక నెల మాట్లాడలేదు. తర్వాత తనే ఫోన్ చేశాడు.

కమిటీ రోజు టెన్షన్‌తో పొద్దుటి నుంచి నాకు చేతులు వణుకుతూనే ఉన్నాయి. చెల్లికి తల దువ్వి, అమ్మ కొన్న ఆకుపచ్చ చుడీదార్ వేశాను. కలెక్టరేట్‌లో పెద్ద బల్ల. కమిటీలో ఒక సభ్యుడు చక్రాల కుర్చీలో ఉన్నారు. నన్ను ఆయనే సూటిగా అడిగారు: "పెన్షన్ రాకపోతే కూడా ఈమెను ఉంచుకుంటారా?" గొంతు పట్టేసింది. అవమానంగా అనిపించింది. "ఎనిమిది నెలలుగా పెన్షన్ లేకుండానే ఉంచుకున్నాను సార్" అన్నాను. ఆయన తలూపి రాసుకున్నారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ప్రశ్న అడగడమే సరైనది అనిపిస్తుంది. డబ్బు కోసం తీసుకెళ్లి మూలన పడేసిన వాళ్లను ఆయన చూసే ఉంటారు. అందరి ముందూ అడగాల్సిన ప్రశ్నే అది.

తర్వాత ఆయన కుర్చీ జరుపుకుని చెల్లి ముందుకు వచ్చారు. "ఎవరింట్ల ఉంటవమ్మా?" అని అడిగారు. చెల్లి బల్ల మీది నీళ్ల సీసా చూస్తోంది. మళ్లీ అడిగారు. "మా ఇంట్ల" అంది. స్పష్టంగానే అంది. అమ్మ ఇల్లు అనుకుని అందో, నా ఇల్లు అనుకుని అందో నాకు ఇప్పటికీ తెలియదు. సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పది రోజుల తర్వాత ఫారం-బి చేతికి వచ్చింది.

సర్టిఫికెట్ రాగానే అంతా అయిపోయిందనుకున్నాను. బ్యాంకులో ఆగింది. చెల్లి పేరున నేను గార్డియన్‌గా ఖాతా తెరవాలి. "ఇది చెల్లదు, కోర్టు ఆర్డర్ తీసుకురండి" అన్నారు. రెండుసార్లు తిరిగాను, రెండుసార్లూ చెల్లిని వెంట తీసుకెళ్లాను. రెండోసారి లైన్‌లోనే ఆమెకు ఫిట్స్ వచ్చింది. సెక్యూరిటీ గార్డు, డబ్బు కట్టడానికి వచ్చిన ఒకాయన పక్కకు పడుకోబెట్టి గాలి ఆడేలా జనాన్ని జరిపారు. వాళ్ల పేర్లు కూడా అడగలేదు నేను. మూడోసారి మేడమ్ నాతో వచ్చింది. లోకల్ లెవల్ కమిటీ ఇచ్చిన గార్డియన్‌షిప్ సర్టిఫికెట్ ఆధారంగా ఖాతా తెరవవచ్చని, నడపవచ్చని 2007లోనే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు చెప్పింది. ఆ సర్క్యులర్ ప్రింట్ తీసి మేనేజర్ ముందు పెట్టింది. గట్టిగా ఒక్క మాట అనలేదు. ఆయన చదివి, పై ఆఫీసుకు ఫోన్ చేసి, గంటలో ఖాతా తెరిపించారు. అదే కాగితం నేను తీసుకెళ్లినా తెరిచేవారా అని ఎన్నోసార్లు అనుకున్నాను. తెరిచేవారేమో. కానీ అలాంటి కాగితం ఒకటి ఉందని నాకు ఎవరు చెబుతారు?

పెన్షన్ ఫైలు ఒకసారి వెనక్కి వచ్చింది. నాన్న రికార్డుల్లో చెల్లి పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. ఇద్దరూ ఒకరే అని అఫిడవిట్ కావాలి. లాయర్ ఫీజు గురించి భయపడుతుంటే మేడమ్ కోర్టు ఆవరణలో ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పంపింది. 1987 చట్టం ప్రకారం మహిళలకు, వైకల్యం ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ న్యాయ సహాయం ఉచితం. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఒక పారాలీగల్ వాలంటీర్ కూర్చుని రాయించాడు. నా దగ్గర పైసా తీసుకోలేదు.

2023 జులైలో చెల్లి ఖాతాలో పెన్షన్ పడింది, అమ్మ పోయిన మర్నాటి నుంచి లెక్కగట్టి బకాయిలతో సహా. పాస్‌బుక్ ప్రింట్ చేయించుకుని బస్టాండ్‌లో కూర్చుని ఏడ్చాను. సంతోషమో, దుఃఖమో చెప్పలేను. అప్పటికే నాకు ఇంకో సంగతి తెలిసింది. అమ్మ బతికుండగానే పెన్షన్ ఆర్డర్‌లో చెల్లి పేరు చేర్పించి ఉండవచ్చు. తన తర్వాత చెల్లి తరఫున పెన్షన్ ఎవరు తీసుకోవాలో ఒక నామినేషన్ రాసి ఇచ్చి ఉండవచ్చు. అది ఉంటే పెన్షన్ కోసం గార్డియన్ సర్టిఫికెట్ దాకా ఆగాల్సిన పనే లేదు. రెండు కాగితాలు. అమ్మకు ఎవరూ చెప్పలేదు. ప్రతి నవంబరూ లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి చెల్లిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేది, కౌంటర్ అవతల ఉన్నవాళ్లు చెల్లిని చూసేవాళ్లు. ఇలాంటి పిల్లలున్న పెన్షనర్లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఈ వారంలోనే ఆ పని చేయండి. మీరు బాగున్నప్పుడే చేయండి.

నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమాలో కూడా మేడమ్ సంస్థ ద్వారానే చేర్పించాం. ఏడాదికి లక్ష రూపాయల దాకా. చేరేముందు వైద్య పరీక్షలు అడగరు, వయసు పరిమితి లేదు. ముందు మనం ఖర్చు పెట్టి బిల్లులు పంపాలి, పద్దుల వారీగా పరిమితులున్నాయి. అయినా ఫిట్స్ మందులకు, డాక్టర్ ఫీజులకు చాలా ఊరట.

డబ్బు కంటే నాకు ఎక్కువ దన్నుగా నిలిచింది వాళ్ల డే కేర్. వారానికి మూడు రోజులు, పదింటి నుంచి మూడింటి దాకా చెల్లి అక్కడ ఉంటుంది. మొదటి రోజు వదిలి ఇంటికి వచ్చి ఏం చేయాలో తోచలేదు. పడుకున్నాను, అంతే. లేచేసరికి రెండున్నర. ఎన్ని నెలల తర్వాతో అలా నిద్రపోయాను. చూసుకునేవాళ్లకు విశ్రాంతి కావాలన్న ఆలోచన మా ఇళ్లలో ఎవరికీ రాదు. అడిగితే తప్పు అనుకుంటారు. నేనూ అనుకున్నాను. విశ్రాంతి లేకే ఆ రోజు చెల్లి మీద చెయ్యి చేసుకున్నాను.

2023 డిసెంబరులో తెలంగాణలో మహిళలకు ఉచిత బస్సు మొదలయ్యాక చెల్లిని తీసుకుని సికింద్రాబాద్‌లో మనోవికాస్ నగర్‌కు వెళ్లాను. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ అక్కడుంది. ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటారు, పాత పేరు ఎన్‌ఐఎంహెచ్. ఇంట్లో పనులు ముక్కలు ముక్కలుగా చేసి ఎలా నేర్పాలో చూపించారు. బొత్తాలు పెట్టడమే ఆరు మెట్లుగా విడదీశారు. ఆఖరి మెట్టు ముందు నేర్పాలట, పని పూర్తి చేశానన్న సంతోషం ఆమెకే మిగిలేలా. చెల్లి ఇప్పుడు పై రెండు బొత్తాలు తనే పెట్టుకుంటుంది.

నా తర్వాత ఎవరన్నది ఇంకా తేలలేదు. నేషనల్ ట్రస్ట్‌కు ఘరౌందా అని పెద్దవాళ్లకు జీవితాంతం నివాసం ఇచ్చే పథకం ఉంది, మా జిల్లాలో అలాంటి ఇల్లు లేదు. నాకు 38 ఏళ్లు. ఇద్దరు పిల్లల్లో పెద్దదానికి అన్నీ చూపిస్తున్నాను, కానీ ఆమె మీద పెట్టడం న్యాయమా కాదా అన్నది నాకే తేలడం లేదు. మేడమ్ తెచ్చిన తెల్ల కాగితం మాత్రం ఇప్పుడు ఒక నోట్‌బుక్ అయింది. చెల్లికి ఏం ఇష్టం, ఏ మాటకు ఏ అర్థం, ఫిట్స్ వచ్చే ముందు ముఖం ఎలా మారుతుంది, అన్నీ అందులో రాస్తున్నాను.

2024 జూన్‌లో మొదటి ఏడాది జమాఖర్చులు ఇవ్వాల్సి వచ్చింది. రసీదులన్నీ దారానికి గుచ్చి, మేడమ్ ముందు పెట్టాను. మందులు, బట్టలు, డే కేర్, ఆటో. ఒక చోట ఆమె వేలు ఆగింది. "ఇత్తడి చెంబు, ఇదేంటి?" అంది. అమ్మ ఇంటి నుంచి తెచ్చిన చెంబు అడుగు కారుతోందని, స్టీలుది ఇస్తే చెల్లి పట్టుకోవడం లేదని, అందుకే అలాంటిదే వెతికి కొన్నానని చెప్పాను. ఇంటి ఖర్చులో వేసుకోవాలేమో, కొట్టేయమంటారా అని అడిగాను.

"ఎందుకు కొట్టేయడం? ఇది ఆమె ఖర్చే" అని మేడమ్ పక్కన టిక్ పెట్టి తర్వాతి రసీదు తీసింది.